నాలుగు లోపలికి, ఆరు బయటికి

తెలివి గురించి మాట్లాడాలంటే మా కంచరి వీధిలో ముందు నూకరాజు ఇంటినే చెప్పుకోవాలి. నేను చెప్పడం కాదు, వాళ్ళే చెప్పుకుంటారు. "ఊళ్ళో ఇంటికో బుర్ర ఉంటే మా ఇంట్లో మూడున్నాయి పిన్నీ" అంటాడు నూకరాజు. ఒకటి వాడిది, ఒకటి పెళ్ళాం ఈశ్వరమ్మది, ఒకటి తమ్ముడు పైడిరాజుది. తల్లి గవరమ్మని మాత్రం ఆ లెక్కలో చేర్చలేదు. ఆవిడ తెలియని సంగతి తెలియదని చెప్పేస్తుంది, అది బుర్రున్న వాళ్ళ లక్షణం కాదని వాళ్ళ ఉద్దేశం. వాళ్ళ గోడ పక్కనే మా గోడ. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను, నవ్వలేక చస్తున్నాను.

వాళ్ళది కంచు పని. గిన్నె పోత పోశాక వేలితో టంగుమనిపించి చెవి పెడతారు. మోత సాగితే గిన్నె మంచిది, బొంగురుపోతే ఎక్కడో పగులున్నట్టు. ఆ పనిలో వాళ్ళని మించినవాళ్ళు లేరు, ఉన్నమాట ఒప్పుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, లోకంలో అన్నిటినీ గిన్నెల్లాగే చూస్తారు.

గవరమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. నూకరాజు కూతురు లోవ పుట్టి ఏడాదైంది, నాయనమ్మ ఇంతవరకూ దాని మొహం చూడలేదు. వేళ్ళతో తడిమి "ముక్కు బానే ఉన్నట్టుందే" అనుకోవడమే. కుడి కంటికి ముందు ఆపరేషన్ చేయిద్దామని ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరమ్మ బీపీ చూసింది. నూట ఎనభై ఉంది. "నూట యాభైకి దిగితేనే కంటి మీద చెయ్యి వేస్తాను. పది రోజులాగి శుక్రవారం రండి. అప్పటికీ దిగకపోతే ఇప్పట్లో కాదు" అంది. ఆ సాయంత్రం గవరమ్మ నా దగ్గర కూర్చుని, "పోయేలోగా పిల్ల మొహం చూస్తానో లేదో వదినా" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మా ఆరోగ్య కేంద్రం వరండాలో భానుమూర్తి మేష్టారని ఒక పాత డ్రిల్లు మేష్టారు ఊపిరి పాఠాలు చెబుతారు. ముగ్గురూ తల్లిని అక్కడికి నడిపించుకెళ్ళారు. మేష్టారు చిన్న కంచు గిన్నె మోగించి, "ఆ మోత వింటూ ఉండండమ్మా. నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చండి, ఆరు అంకెలదాకా మెల్లిగా వదలండి. ఊపిరి నెమ్మదిస్తే గుండె నెమ్మదిస్తుంది, బిగుసుకున్న నరాలు సడలుతాయి, బీపీ కాస్త దిగుతుంది. మోత ఒళ్ళంతా పాకుతుంది, గాలిలో తేలిపోయినట్టుంటుంది. ఇదేం మందు కాదు, మాత్రలు మాత్రం మానకండి" అన్నారు. గవరమ్మ బుద్ధిగా తలూపింది. వెనకాల మూడు బుర్రలూ కూడా ఊగాయి. ఇంకేముంది, అక్కడ మొదలైంది.

ఇంటికి రాగానే ఈశ్వరమ్మకి భయం పట్టుకుంది. "అత్త గాలిలో తేలిపోతే ఎలా? మన ఇంటికి పైకప్పుంది గానీ పెరటికి లేదు."

"బాగా గుర్తు చేశావు" అన్నాడు నూకరాజు. అంతే, గవరమ్మని నులక మంచం మీద కూర్చోబెట్టి నడుముకి చేంతాడు కట్టారు. అదీ చాలదని ఒళ్ళో రుబ్బురోలు పొత్రం పెట్టారు. ఆ బరువు కింద ఆవిడకి ఊపిరి పీల్చడమే కష్టమైంది, వదలడం మాట తర్వాత.

మర్నాడు పొద్దున్న పైడిరాజు గుమ్మంలో కూర్చుని వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క వేశాడు. వేసినవాడు వేసినట్టే తెల్లబోయాడు. "అన్నయ్యా, కొంప మునిగింది. అమ్మ నాలుగు పీలుస్తోంది, ఆరు వదులుతోంది. ప్రతిసారీ రెండు తక్కువ పడుతోంది. పొద్దున్నుంచి వంద సార్లైనా చేసింది. రెండు వందలు తరుగు. ఇలాగైతే సాయంత్రానికి లోపల ఏముంటుంది?"

నూకరాజు కూడా లెక్కేశాడు. వాడికీ రెండు వందలే వచ్చాయి. ఇద్దరికీ ఒకే లెక్క వచ్చిందంటే ఇక తిరుగేముంది? పరుగెత్తి కొలిమి దగ్గర తిత్తి పట్టుకొచ్చారు. పైడిరాజు దాని మూతి తల్లి ముక్కు దగ్గర పెట్టాడు, నూకరాజు రెండు చేతులా నొక్కాడు. తరుగు పూడ్చాలి కదా. తిత్తిలో ఉన్న మసీ బూడిదా అంతా గవరమ్మ మొహం మీదే. ఆవిడ పదకొండు తుమ్ములు తుమ్మింది. "చూశావా, మనం పోసిందంతా బయటికి తోసేస్తోంది" అని పైడిరాజు నెత్తి కొట్టుకున్నాడు.

"అసలు తప్పు మేష్టారి గిన్నెది" అంది ఈశ్వరమ్మ. "అరచేతిలో పట్టే గిన్నె మోత ఒళ్ళంతా ఎలా పాకుతుంది? మహా అయితే మోచేతి దాకా పాకుతుంది. మనం కంచరి వాళ్ళమై ఉండి అంత చిన్నదా వాడేది?"

అంతే. పెళ్ళిళ్ళకి నీళ్ళు పోసే పెద్ద గంగాళం దొర్లించుకొచ్చారు. అందులో గవరమ్మని కూర్చోబెట్టి, ఆ పక్కనొకడు ఈ పక్కనొకడు నిలబడి కొయ్య సుత్తులతో మోగించారు. మా ఇంట్లో చారు గిన్నె మీద మూత ఎగిరిందంటే నమ్మండి. వీధిలో కుక్కలన్నీ పొలాల్లోకి పరిగెత్తాయి. గవరమ్మ బయటికొచ్చేసరికి ఆవిడకి మన మాట వినపడదు, మనకి ఆవిడ అరుపు తప్ప వినపడదు. ఆరోగ్య కేంద్రం నర్సమ్మొచ్చి బీపీ చూస్తే రెండు వందలు.

తెలివైన వాళ్ళు అక్కడితో ఆగుతారా. నూకరాజు గరిటె తీసుకుని తల్లి నడినెత్తిన టిక్కుమని కొట్టి చెవి పెట్టాడు. వీపు మీద కొట్టి చెవి పెట్టాడు. మోకాలి చిప్ప మీదా కొట్టాడు. మొహం వేలాడేసి, "మోత సాగట్లేదురా, బొంగురుగా ఉంది. అమ్మకి ఎక్కడో పగులుంది" అన్నాడు.

"కళాయి పెడదామా?" అన్నాడు పైడిరాజు. ఈశ్వరమ్మ అప్పటికే తగరం వెతుకుతోంది.

ఇక గోడెక్కి చూస్తున్న నేను దిగి పరిగెత్తి మేష్టార్ని పిలుచుకొచ్చాను. ఆయన మంచం చూశారు, తిత్తి చూశారు, గంగాళం చూశారు, మసి మొహంతో కూర్చున్న గవరమ్మని చూశారు. మంచినీళ్ళు అడిగి తాగారు. "బాబూ, మీ అమ్మ బాగుపడాలని ఉందా లేదా?" అన్నారు.

నూకరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఉందండీ. అదొక్కటే ఉందండీ."

"అయితే మిగిలిన ఐదు రోజులూ ఈ ఇంట్లో చప్పుడన్నది వినపడకూడదు. ఆవిణ్ణి ఆవిడ మానాన వదిలెయ్యండి" అని చెప్పి వెళ్ళిపోయారు.

చప్పుడన్నది వినపడకూడదంటే ఇంకేముంది, వినపడనివ్వలేదు. కొలిమి ఆర్పేశారు. ఆవాలు చిటపటమంటాయని ఈశ్వరమ్మ పోపు మానేసింది. అప్పడాలు నీళ్ళలో నానబెట్టి వడ్డించింది. నూకరాజుకి తుమ్మొస్తే ముక్కు పట్టుకుని ఊరి చివర చెరుకుతోట దాకా పరిగెత్తి అక్కడ తుమ్మి వచ్చేవాడు. లోవ ఏడుస్తుందేమోనని దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టారు, కోడిపుంజుని కూడా పెట్టారు. పైడిరాజు గడ్డం గీసుకుంటే గరగరమంటుందని మానేశాడు. ముగ్గురూ పరుపుల మీద నడుస్తూ, సైగలతో పోట్లాడుకుంటూ, ఐదు రోజులు గడిపారు.

నూకరాజు పెళ్ళయ్యాక ఆ ఇంట్లో గవరమ్మకి అంత నెమ్మది దొరకడం అదే మొదలు. పొద్దునా సాయంత్రం గోడకి ఆనుకుని కూర్చుని, నాలుగు పీల్చి ఆరు వదిలేది. మాత్రలు వేసుకునేది. మధ్యాహ్నం కునుకు తీసేది. శుక్రవారం డాక్టరమ్మ బీపీ చూస్తే నూట నలభై. ఆ రోజే కన్ను చేసేసింది.

మర్నాడు కట్టు విప్పే ముందు డాక్టరమ్మ అందరినీ నిలబెట్టి గట్టిగా చెప్పింది. "జాగ్రత్తగా వినండి. పది రోజులు ఏడవకూడదు. ఏడిస్తే కంటికి మళ్ళీ కట్టే." ముగ్గురూ చేతులు జోడించి విన్నారు. ఆ తర్వాత జరిగింది నాకు గవరమ్మే చెప్పింది. కట్టు తీశారు. ఈశ్వరమ్మ లోవని ఎదురుగా పట్టుకుంది. గవరమ్మకి మొదట కాస్త మసగ్గా, తర్వాత తేటగా, చిన్న నుదురు, పాలు కారిన గడ్డం, పైన రెండే రెండు పళ్ళు కనపడ్డాయి. పిల్ల నవ్వింది. గుండె ఒక్కసారి గొంతులోకొచ్చిందట. కన్ను తడవబోతుంటే, నాలుగు పీల్చి ఆరు వదిలింది, మళ్ళీ నాలుగు పీల్చి ఆరు వదిలింది. గుండె కిందికి దిగింది, చుక్క నీరు రాలేదు. "ముక్కు నాదే" అంది మెల్లిగా.

ఆ మాటకి నూకరాజు ఏడ్చాడు. అన్నని చూసి పైడిరాజు ఏడ్చాడు. వాళ్ళిద్దర్నీ చూసి ఈశ్వరమ్మ శోకాలు పెట్టింది. అంత బాగున్న రోజున ఎవరికైనా ఏడుపు రాదా మరి.

సాయంత్రం నేను గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను. వీధి మొదట్లో గవరమ్మ కనపడింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, లోవ చెయ్యి పట్టి నడిపిస్తోంది. ఆవిడ కొంగు పట్టుకుని నూకరాజు, వాడి చొక్కా పట్టుకుని పైడిరాజు, వాడి తువ్వాలు పట్టుకుని ఈశ్వరమ్మ. ముగ్గురి కళ్ళకీ బిగించి గుడ్డ కట్లు.

"ఇదేం అవతారంరా?" అన్నాను.

"ఏడిస్తే కట్టని డాక్టరమ్మ చెప్పింది పిన్నీ" అన్నాడు నూకరాజు. "మేం ఏడిచాం. పది రోజులూ అమ్మే చూసుకోవాలి మమ్మల్ని."

గవరమ్మ ఆగి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఇంత ముసలైపోయావేంటి వదినా" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ నవ్వులో ఆవిడ కొంగు వాళ్ళ చేతిలోంచి జారిపోయింది. వాళ్ళకది తెలియలేదు. తిన్నగా ముందుకు నడిచి, మా గుమ్మం ఎక్కి, మా వంటింట్లో వరుసగా బాసింపట్లు వేసుకుని కూర్చుని, "అమ్మా, ఆకలేస్తోంది" అన్నారు. గవరమ్మ నా మొహం చూసింది. నేను లేచి ఇంకో మూడు గుప్పిళ్ళ బియ్యం పోశాను.