ఆంబుల్‌ఫర్డ్ సంతలో కొసరు వెలసిన వైనం

పూర్వం అంటే మరీ కృతయుగం కాదు గాని, ఆంగ్లదేశంలో రాజులు గుర్రాలెక్కి ఊళ్లు తిరిగే కాలంలో, ఆంబుల్‌ఫర్డ్ అనే చిన్న పట్టణం మీదుగా పోతున్న ఒక మహారాజు, పురజనులు సమర్పించిన రొట్టెనూ వెన్ననూ ఆరగించి పరమానందభరితుడై, ప్రతి గురువారం సంత జరుపుకొనే హక్కును ఆ ఊరికి శాసనపూర్వకంగా అనుగ్రహించాడు. రాజానుగ్రహాల్లో ఎక్కడో ఒక మెలిక ఉండకపోదు. మధ్యాహ్నం పన్నెండుకు సంతమండపం మీది గంట మోగేలోగా పొరుగూరి మనిషి ఒక్కరైనా వచ్చి, తన ఇష్టం కొద్దీ సంతలో ఏదో ఒకటి కొనాలి. కొనమని ఎవరూ వేడుకోరాదు. ఏ వారం ఇది తప్పినా ఆనాటితో సంత రద్దు. ఊరివాళ్లు ఊరివాళ్లకే అమ్ముకుంటే అది సంత ఎలా అవుతుందని ఆ ప్రభువు అభిప్రాయం. నాకూ అందులో తప్పేమీ కనిపించదు.

ఎనిమిది వందల ఏళ్లు ఆ నియమం నిర్విఘ్నంగా సాగింది. తరవాత ఊరి బయట పెద్ద పెద్ద దుకాణాలు వెలిశాయి, సంతలో అంగళ్లు ఒక్కొక్కటే తగ్గాయి, చివరికి రాతిస్తంభాల మండపం కింద ఎడ్విన్ అనే పళ్ల వర్తకుడు, అతని భార్య హేజెల్ మాత్రమే మిగిలారు. ఎడ్విన్ సత్యసంధుడు. అతని తాతముత్తాతల నుంచి ఆ తక్కెడ ముల్లు ఒక్క పండు మేర అటూ ఇటూ ఒరిగి ఎరగదు. అలా ఉండగా ఒక శరదృతువులో నది పొంగి దారులు చాలావరకు మునిగిపోయి, గురువారం పదకొండున్నర దాటినా ఆ ఊళ్లోకి పొరుగు మనిషన్నవాడు అడుగుపెట్టలేదు. ఊరంతా గొడుగులు వేసుకొని వచ్చి మండపం చుట్టూ నిలబడింది. తమ సంత తమ కళ్లముందే పోతోందని అందరికీ తెలుసు, చెయ్యగలిగింది మాత్రం ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడు, వెళ్లవలసిన దారి మునిగిపోయి తోవ మళ్లిన ఒక యాత్రికుల బస్సు ఆ వీధిలో ఆగింది. అందులో నుంచి మండపేట వాస్తవ్యురాలైన పేరిందేవమ్మ గారూ, ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైన ఆమె భర్త భాస్కర్రావు గారూ దిగారు. మిగతావాళ్లు టీ దుకాణం వెతుక్కుంటూ పోగా, వారం రోజులుగా కోటలూ చర్చిలూ చూసి చూసి విసుగెత్తి ఉన్న ఆ ఇల్లాలు, పళ్ల బుట్టలు కనబడగానే పుట్టింటికి వచ్చినంత సంబరపడిపోయి, నేరుగా ఎడ్విన్ ముందుకు వెళ్లి నేరేడు రంగులో నిగనిగలాడుతున్న ప్లమ్ పళ్లు ఒక కిలో తూచమని వేలు చూపించింది.

ఎడ్విన్ తూచాడు. ముల్లు ఒక వెంట్రుకవాసి ఎక్కువ చూపింది. అతను తన వంశాచారం ప్రకారం ఒక పండు తీసేసి, దానికన్నా చిన్నది వేశాడు. ఆ తల్లి నిర్ఘాంతపోయింది.

"ఇదేటండీ, కొసరేసేవోళ్లని చూశాను గానీ, ఏసిన పండు తీసేసేవోణ్ణి ఇయ్యాలే చూత్తన్నాను."

"ఇక్కడంతేనే. తూకానికి తూకం," అన్నారు మాస్టారు.

"సంతన్నాక కొసరుండాలండీ. కొసరు లేకండా ఇంటికట్టుకెళ్తే ఆ సరుకు కలిసిరాదు. నాకొద్దు."

అని సంచీ దులుపుకొని వెనక్కి తిరిగి నడక సాగించింది. ఆ నడక సంగతి మన సంతల్లో పెరిగిన వాళ్లందరికీ తెలిసినదే. అది వెళ్లిపోయే నడక కాదు, పిలిపించుకొనే నడక. మండపేటలో అయితే మూడో అడుగుకే "రండమ్మా రండి" అని కేక వినపడేది. ఆ దేశంలో మాత్రం వద్దని వెళ్లేవారిని వెనక నుంచి పిలవడం మహా అమర్యాద. కాబట్టి ఎడ్విన్ కళ్లనిండా నీళ్లతో నిలబడ్డాడు, ఆవిడ అడుగులో అడుగు వేస్తూ ఎనిమిదో అడుగుదాకా వచ్చి, వీడికి చెవుడేమోనని అనుమానపడసాగింది. పైన గంట కొట్టే ఆర్థర్ తాడు చేతికి తీసుకున్నాడు.

మాస్టారికి శాసనం సంగతి తెలియదు, భార్య సంగతి తెలుసు. "అయ్యా, ఆవిడ వెళ్లడం లేదు. మీరు పిలవాలని చూస్తోంది. తూచాక పైన నాలుగు పళ్లు వేస్తామనండి, చాలు," అని ఇంగ్లీషులో విశదంగా చెప్పారు.

"తూకానికి మించి ఎలా వేస్తాను? మా తక్కెడ అబద్ధమాడదు," అన్నాడు ఎడ్విన్ దీనంగా.

అప్పుడు హేజెల్ గబగబా వచ్చి తక్కెడను తీసి నేలమీద పెట్టేసింది.

"తూకం అయిపోయింది. ఇప్పుడిక ఆ చేతులు నీవి. కొనమని వేడుకోవద్దన్నారు గాని, ఇవ్వడానికి పిలవొద్దనలేదు. నీకు ఇవ్వాలని లేదా?"

ఇవ్వాలని అతనికి ఎంతగా ఉందో ఆ క్షణానే తెలిసింది. దోసిలినిండా పళ్లు పట్టి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎత్తని గొంతెత్తి, "అమ్మగారూ, వెనక్కి రండి," అని వీధి మారుమోగేలా తన భాషలో పిలిచాడు. పదకొండో అడుగులో ఆ ఇల్లాలు ఆగింది. ఆర్థర్ అప్పటికే తాడు లాగాడు. లాగినా గంట పలకలేదు. రెండోసారి లాగాడు, పలకలేదు. పేరిందేవమ్మ గారు తాపీగా తిరిగివచ్చి, డబ్బిచ్చి, కిలో సంచీలో పోయించుకొని, కొంగు పట్టి కొసరు అందుకున్న తరవాతే అది ఖంగుమని మోగింది. వానకు తాడు బిగుసుకుపోయిందని వాదించేవాళ్లు ఉన్నారు. ఉండనీండి.

ఊరంతా ఎందుకు ఏడుస్తోందో, ఎందుకు తనను కౌగిలించుకుంటోందో ఆ తల్లికి అంతు పట్టలేదు. "పిచ్చి సన్నాసులు, ఒక్క కొసరెయ్యడానికి ఎంత కట్టపడిపోయారో," అని పళ్లు తింటూ బస్సెక్కింది.

ఇప్పుడు ఆ మండపం కింద నలభై అంగళ్లున్నాయి. ఈనాటికీ అక్కడి వర్తకులు తూకం ముగియగానే తక్కెడను నేలకు దించి, "కొసరు" అని వచ్చీరాని పలుకుతో అంటూ ఒక గుప్పెడు పైన వేయడం ఎవరైనా కళ్లారా చూడవచ్చు. ఎడ్విన్ అంగడికి పదకొండడుగుల దూరంలో జంట పాదాలు చెక్కిన రాయి ఒకటి నేలలో పరచబడి ఉంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు సంతకు వీపు పెట్టి ఆ రాయి మీద నిలబడితే, ఎవరైనా సరే, ఎక్కడివారైనా సరే, అమ్మేవాళ్లంతా పని ఆపి వెనక్కి రమ్మని పిలుస్తారు. ఆ దేశంలో నన్ను ఎరిగినవారు ఒక్కరూ లేరు. అయినా ఒక గురువారం నేనూ వెళ్లి ఆ రాయి మీద నిలబడ్డాను. పిలిచారు.