గీత పడని దుప్పటి

పరంధాములు నేతలో మొనగాడు. ఆ మాట ఊరూ అంటుంది, అతనూ అంటాడు. అతను కాస్త ఎక్కువగా అంటాడు. గురువు లతీఫ్ బాబా కోసమని ఒక తెల్ల దుప్పటి నేసి, శుక్రవారం పొద్దున్నే పట్టుకెళ్లాడు.

బాబా చిరిగిన బట్టలకు రఫూ చేసి పొట్ట పోసుకునే సూఫీ. గుడిసె గడపలో వెలుతురుకు కూర్చుని ఎవరిదో షేర్వానీ కుడుతున్నాడు.

"ఒక్క మాట బాబా," అన్నాడు పరంధాములు. "మా అక్క మగ్గం తీసేద్దామనుకుంటున్న, ఆమెకు రాత్రే చెప్పిన. జాగా ఊకనే పోతున్నది. ఆడ ఇంకో మగ్గం ఏసి కూలికి మనిషిని పెడ్త. మీరు సరేనంటే మధ్యాన్నం మగ్గం కట్టెలు ఇప్పనీకి వడ్లాయనను పిలుస్త."

అక్క పేరు అండాలు. పరంధాములుకు మగ్గం మీద కూర్చుని నాడె విసరడం నేర్పింది ఆమే. మూడేళ్ల కింద తండ్రికి పక్షవాతం వచ్చింది. అప్పటి నుంచి ఆమె నేత సగానికి పడిపోయింది. నేసినవి కూడా బాగా లేవని షావుకారు మొదట కూలి కోశాడు. పోయిన నెల ఇక నూలే ఇవ్వనన్నాడు.

"మీ అక్క ఏం జేస్తది మరి?"

"ఏం జేస్తది బాబా, ఇంట్లనే ఉంటది. నేనే సాకుతున్న."

బాబా మూట విప్పాడు. షావుకారు తిప్పి పంపిన అక్క దుప్పటిలోనే తన దుప్పటిని చుట్టి తెచ్చాడు పరంధాములు, దుమ్ము పడకుండా. బాబా తెల్లదాన్ని పక్కన పెట్టి, చుట్టి తెచ్చినదాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. నేతలో అడ్డంగా సన్నని గీతలు కనిపించాయి. ఒకటి రెండు కాదు.

"ఇవేంది?"

"నడుమల లేచిపోతే పోగును కొట్టే దెబ్బ మారుతది బాబా. మళ్ల కూసున్నకాడ గీత పడ్తది. నేసేటోళ్లు లేవొద్దు."

బాబా ఒక గీత మీద వేలు పెట్టాడు. "ఈడ ఎందుకు లేచింది?"

"బాపుకు దగ్గు తెర వచ్చింది."

"ఈడ?"

"పక్క తడుపుకున్నడు."

"ఈ రెండు దగ్గర దగ్గర ఉన్నయి."

"గంజి తాపింది. కక్కిండు."

పరంధాములు గొంతు తగ్గింది. ఇవన్నీ తనకు ఇంత బాగా ఎలా గుర్తున్నాయో అతనికే తెలియలేదు. సిగ్గేసింది.

దుప్పటి చివర గీత కాదు, వేలెడు వెడల్పున నేత పలచబడి ఉంది. బాబా వేలు అక్కడ ఆగింది.

"మంచం మీదికెల్లి కింద పడ్డడు. లేపనీకి శానసేపు పట్టింది. అక్క ఒక్కతే గదా."

"నువ్వు యాడున్నవ్ బేటా?"

"పక్క మగ్గం మీద."

బాబా తెల్ల దుప్పటిని ఎండకు ఎత్తాడు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క గీత లేదు. కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత మడిచి పరంధాములు ఒళ్లో పెట్టాడు. గీతల దుప్పటిని తన భుజాల మీద కప్పుకుని సూది అందుకున్నాడు.

"నాకు ఇది చాలు," అన్నాడు.

పరంధాములు పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు. అండాలు మగ్గం అప్పటికే విప్పేసి, కట్టెలన్నీ గోడకు ఆనించి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో తట్టతో మట్టి పోస్తోంది. సగం పూడింది.

"నీకు పని తగ్గుతదని నేనే ఇప్పిన తమ్మీ," అంది. "వడ్లాయనకు కూలి దండుగ."

లోపలి నుంచి తండ్రి మూలిగాడు. ఆమె తట్ట దించి కదలబోయింది.

"నువ్వు కూసో అక్కా. నేను పోత."

అండాలు గుంట అంచున కూర్చుంది. మట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని తమ్ముడి ముఖంలోకి చూసింది.

"కూసుండి ఏం జెయ్యాలె తమ్మీ?"