రొయ్య వెన్నుముల్లు

ఆ రేవులో ఆడవాళ్లు చేపలు పట్టకూడదు, కడగొచ్చు, వండొచ్చు. మొగుడు పోయి, పిల్లల్ని సాకడానికి రొయ్యలు పట్టిన నూకాలు వలని రేవుపెద్ద అప్పలస్వామి లాక్కున్నాడు. ఆమె రాజుకి మొరపెట్టుకుంది.

"చేపకి వెన్నుముల్లుంటుంది. రొయ్యకి ఉండదు. మరి ఇది చేపెలా అవుతుంది, మారాజా?"

"వీపు వంచుకు తిరిగేదానికి వెన్నుముల్లు లేదంటావా?" అప్పలస్వామి వెక్కిరించాడు.

"ఈ రొయ్యలో ఉంటే తీసి చూపించు మావా, వల వదులుకుంటాను."

పుట్టి బుద్ధెరిగి రొయ్య వలవని అప్పలస్వామి నానా తంటాలు పడి, దాని వీపులోంచి నల్లటి పోగొకటి లాగి, "ఇదిగో!" అని అరిచాడు.

సభలో ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. రాణిగారు కూడా ఆపుకోలేకపోయారు.

"అది పేగు మావా! నీకు వండిపెట్టే ముందు మీ ఆడోళ్లు రోజూ తీసి పారేసేది."

రొయ్యలూ పీతలూ, వెన్నుముల్లు లేనిదేదైనా ఆడవాళ్లు పట్టుకోవచ్చని రాజు తీర్పిచ్చాడు. మర్నాడు తెల్లారేసరికి రేవు నిండా ఆడవాళ్ల వలలే.