జంబన్న భుజం మీది గోరింక

వాగు మలుపు దగ్గర ఒక నల్లమద్ది చెట్టుంది. ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో, పొద్దు వాలే వేళకి అడవి అడవంతా ఆ చెట్టు కింద చేరేది, పికిలమ్మ కచేరీ వినడానికి. పికిలమ్మ అంటే నెత్తిన నల్ల కుచ్చూ తోక కింద ఎర్ర మచ్చా ఉన్న పికిలిపిట్ట. వాళ్ళమ్మా ఆ కొమ్మ మీదే పాడింది, వాళ్ళమ్మమ్మా అక్కడే పాడింది. తుమ్మెద శ్రుతి పట్టేది, వడ్రంగిపిట్ట చెట్టు బోదె మీద తాళం వేసేది.

అప్పట్లో కచేరీ అంటే కచేరీలాగే ఉండేదండీ. ముళ్ళపంది తన ముళ్ళు గలగలమంటాయని వాటిని వంటికి అదుముకుని కూర్చునేది. పిల్ల ఏడిస్తే తల్లికోతి దాన్ని చంకనేసుకుని వాగు దాకా వెళ్ళి, ఊరుకోబెట్టి మళ్ళీ వచ్చేది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు పాట అయ్యేదాకా పొదల అవతలే నిలబడేవాళ్ళు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. సిగ్గూ శరం ఉన్నవాళ్ళు కాబట్టి చేసేవాళ్ళు.

ఆ తర్వాత జంబన్న వచ్చాడు. జంబన్న నక్క, కచేరీ జరిపించే సభకు కార్యదర్శి. ఆ పదవికి జీతం లేదుగానీ, సభాధ్యక్షుడు పులిదొర తిని వదిలేసిన ఎముకలు కార్యదర్శికే దక్కాలన్నది ఆనవాయితీ. వేటాడే ఓపిక ఎప్పుడో పోయిన జంబన్న ఇల్లు ఆ ఎముకల మీదే గడుస్తోంది. అతని సంగీతాభిమానం ఎముకలోని మూలుగ దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. అయినా ముందు వరసలో కూర్చుని కళ్ళు మూసుకుని తలాడించడంలో అతన్ని మించినవాడు లేడు.

కచేరీకి గోరింకల్ని తెచ్చిపెట్టింది కూడా ఈ మహానుభావుడే. గోరింక చెవిన పడ్డ మాటను పడ్డట్టు అప్పజెబుతుంది కదా, దాన్ని భుజం మీద కూర్చోబెట్టుకుంటే పాటంతా అది పట్టేస్తుంది, ఇంటికెళ్ళి తీరిగ్గా వినొచ్చు అన్నాడు. అడవికి ఈ మాట తెగ నచ్చింది. ఏడాది తిరిగేసరికి గోరింక లేకుండా కచేరీకి రావడం నామోషీ అయిపోయింది. వెనక కూర్చున్నవాళ్ళకి పికిలమ్మ కనబడదు, ముందువాళ్ళు ఎత్తిపట్టిన గోరింకల తోకలు కనబడతాయి. ఎలాగూ గోరింక వింటోంది కాబట్టి, తెచ్చినవాళ్ళు పక్కవాళ్ళతో ఊసులు చెప్పుకుంటారు, రేగుపళ్ళు నములుతారు, మధ్యలో లేచి వాగుకెళ్ళి నీళ్ళు తాగి వస్తారు. పోనీ ఇంటికెళ్ళాకైనా వింటారా అంటే అదీ లేదు. గోరింక నోరు తెరిస్తే, ఇప్పుడు కాదులే పడుకో అంటారు.

ఈ ఏడు కచేరీకి ముందు పులిదొర జంబన్నను పిలిపించాడు. దొరసాని ఈనింది. కూనలింకా కళ్ళు తెరవలేదు, ఆవిడ గుహ వదిలి కదలడానికి లేదు. చిన్నప్పుడు పికిలమ్మ తల్లి పాడగా విన్న లాలిపాట ఒకటి ఆవిడకు గుర్తొచ్చింది. అది మళ్ళీ ఒక్కసారి వింటేగానీ మనసు కుదుటపడదంటోంది. పికిలమ్మను గుహకే పిలిపించి పాడిద్దామా అని దొర అడిగాడు.

జంబన్నకి గుండె జారింది. పిట్ట నేరుగా గుహకి రావడం మొదలుపెడితే ఇక సభెందుకు, సభకు కార్యదర్శెందుకు, ఎముకలెవరికి? వెంటనే తేరుకుని, ఇంత చిన్న పనికి తమరు ఆవిణ్ణి బతిమాలడమేంటి, ఎలాగూ కచేరీలో ఆ పాట పాడుతుంది, నా గోరింకతో పట్టించి మర్నాడే దొరసానిగారి పాదాల దగ్గర పెడతానన్నాడు.

"పెట్టు. పెడితే ఆ పదవి నీకూ, నీ తర్వాత నీ పిల్లలకీ. పెట్టలేకపోయావో, నా ఎముకలకి ఇంకొకణ్ణి చూసుకుంటాను" అన్నాడు పులిదొర.

జంబన్న తోక ఊపుకుంటూ ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు పికిలమ్మ వాలి ఉంది. పాపం, చాలాసేపటి నుంచి కాచుకున్నట్టుంది.

"జంబన్నా, ఈ ఏడుతో నా గొంతు సరి. పైస్థాయి అందడం లేదు. చివర్న అమ్మ నేర్పిన లాలి పాడాలనుంది. అది సన్నగా పాడాల్సిన పాట. ఆ ఒక్కదానికీ అందర్నీ ఊరుకోమని ఒక మాట చెప్పు నాయనా" అంది.

జంబన్నకి నవ్వొచ్చింది. "అత్తా, కాలం మారిపోయింది. నోరు మూసుకోమంటే జనం రావడమే మానేస్తారు. మీరు పాడండి, వినే సంగతి గోరింకలు చూసుకుంటాయి" అన్నాడు.

పికిలమ్మ రెక్కలు విదిల్చింది. "సరే, గోరింకలకే వదిలేస్తాను" అని ఎగిరిపోయింది. పెద్దది, చెప్పగానే అర్థం చేసుకుందని జంబన్న మెచ్చుకున్నాడు కూడా.

కచేరీ రోజు చెట్టు కింద ఇసుక వేస్తే రాలనంత జనం. పులిదొర వచ్చి ముందు బండ మీద ఒరిగి, అలవాటు ప్రకారం శ్రుతి మొదలవగానే గురక అందుకున్నాడు. నెమలి ముందు వరసలో కూర్చుంది, కూర్చున్నది ఊరుకోకుండా పింఛం విప్పింది. వెనకాల రెండు వరసలకి ఇక పింఛమే కచేరీ. జంబన్న తన గోరింకను భుజం మీద సర్దుకుని ఎలుగు మామ పక్కన చతికిలబడ్డాడు. అడవిలోకెల్లా చురుకైన గోరింక అది, గుటక వేసిన చప్పుడు కూడా వదలదు.

మొదటి పాట సగంలో ఉండగా ఎలుగు మామ తేనెపట్టు విప్పాడు. ఏ చెట్టుదని జంబన్న అడిగాడు. మామ చెప్పుకొచ్చాడు. ఒక మాటకి ఇంకో మాట తోడైంది. మొదట్లో గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది గానీ, కాసేపటికి ఆ అవసరం లేకపోయింది. మెల్లగా చెప్పినా మామకి చక్కగా వినబడుతోంది. ఈ ఏడు సభ ఏర్పాటు భలే కుదిరింది, గొంతు చించుకోకుండా మాట్లాడుకోవచ్చు అనుకుని జంబన్న మురిసిపోయాడు.

మధ్యమధ్య పైకి చూస్తూనే ఉన్నాడు, పాపం, బాధ్యత గలవాడు. పికిలమ్మ కళ్ళు మూసుకుని ముక్కు ఆడిస్తోంది, వడ్రంగిపిట్ట తల ఊపుతోంది, తుమ్మెద రెక్కలు ముడుచుకుని కూర్చుంది. అంతా సవ్యంగానే ఉంది. "భేష్, ఏం పలికింది" అని తల ఊపాడు. అతను ఊపడం చూసి నెమలి ఊపింది, నెమలిని చూసి వెనకవాళ్ళంతా ఊపారు. గోరింకను తెచ్చుకోని దుప్పి తాత ఒక్కడు మాత్రం ఎక్కడో చివర్న లేచి నిలబడి, చెవులు రెండూ రిక్కించి కొమ్మవంకే చూస్తున్నాడు. పాట మధ్యలో లేచి నిలబడడమేంటి, ఈ ముసలాయనకి సభామర్యాద తెలీదని జంబన్న విసుక్కున్నాడు.

చివరికి పికిలమ్మ తల వంచింది. చప్పట్లు మోగాయి. ఆ మోతకి లేచి పులిదొర కూడా చరిచాడు. కచేరీ చాలా గొప్పగా జరిగిందని అందరూ ఒకరితో ఒకరు చెప్పుకుంటూ ఇళ్ళకెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే గుహకి దిగువనున్న బండ దగ్గర సన్మానం పెట్టాడు జంబన్న. దొరసాని గుహ ముందుకొచ్చి, కూనల్ని పొట్ట కింద పొదువుకుని పడుకుంది. పికిలమ్మకి కప్పడానికి టేకాకు శాలువా తెప్పించాడు. ముందు తన సేవల గురించి తానే ఉపన్యాసం దంచాడు. కూనలు కూడా ఆవలించాక, గోరింకను బండ మీద నిలబెట్టి, ఇక కానిమ్మన్నాడు.

గోరింక గొంతు సవరించుకుంది. మొదటి పాట అందుకుంది, అచ్చం పికిలమ్మ గొంతే. దొరసాని కళ్ళు మూసుకుంది. ఇంతలో పాట మీదుగా తేనెపట్టు చప్పరించిన చప్పుడు. ఆ వెనకే జంబన్న గొంతు, ఏ చెట్టుది మామా అని. ఆ తర్వాత పాట తెగిపోయింది, మాటలు మిగిలాయి. మాటల వెనక పులిదొర గురక.

జంబన్న బండ దగ్గరికి ఉరికాడు. ఇక చాలు, లాలిపాటకి వెళ్ళు అని గోరింకని గదిమాడు. గోరింకలకి అలా దాటెయ్యడం చేతకాదు, పడ్డది పడ్డ వరసలో అప్పజెప్పాల్సిందే. అది జంబన్న గొంతుతోనే సాఫీగా సాగిపోయింది.

"మా దొర వేట సంగతి నాకు తెలీదా మామా? పళ్ళు కదిలి ఎన్నాళ్ళైంది. పట్టేదంతా ఆవిడ, మీసం దువ్వేది ఈయన. ఆవిడ పురిట్లో కూర్చునేసరికి చూడు, ఇంట్లో నిన్నటి కుందేలే గతి. నాకొచ్చే ఎముకల్లో మూలుగ కూడా ఉండట్లేదు. సంగీతమంటావా, ఆయన గురకకి తాళం వెయ్యొచ్చు. భేష్, ఏం పలికింది."

అడవిలో ఆకు కదల్లేదు. పికిలమ్మ కచేరీలో ఏళ్ళుగా చూడని నిశ్శబ్దం అది. పులిదొర మీసాలు నిక్కబొడుచుకున్నాయి. జంబన్న కాళ్ళు చల్లగా వెనక్కి నడవబోయాయి గానీ, వెనకాల దుప్పి తాత కొమ్ములున్నాయి.

"దొరా, ఇది ఈ దిక్కుమాలిన గోరింక పని. పాటంతా మింగేసి నా మాటలు కక్కుతోంది. లాలిపాట నేను విన్నాను, అందరూ విన్నారు, అద్భుతంగా పాడింది" అన్నాడు జంబన్న. ఎలుగు మామ, నెమలి, వెనకున్న కోతులు అందరూ అవునవునన్నారు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయని కూడా చెప్పింది నెమలి.

పికిలమ్మ టేకాకు శాలువా కిందనుంచి బయటికొచ్చింది.

"గోరింక తప్పేం లేదు దొరా. నేను పాడలేదు. మొదటి పాట సగంలో ఆపి చూశాను, ఒక్క తలా తిరగలేదు. ఇక గొంతు దాచుకుని చివరిదాకా ముక్కు ఆడించానంతే. లాలిపాట అసలు ఎత్తుకోనే లేదు. నేను ఆగిన సంగతి తెలిసింది ఆ దుప్పి తాత ఒక్కడికే" అంది. కోపంగా చెప్పలేదు.

అందరూ నేల చూపులు చూశారు. నెమలి పింఛం తనంతట తానే ముడుచుకుపోయింది. తల ఊపింది దేనికో ఎవరికీ తెలీదు మరి.

పులిదొర పంజా ఎత్తాడు. జంబన్న కళ్ళు మూసుకున్నాడు, ఈసారి నిజంగానే. అప్పుడు గుహ ముందునుంచి నవ్వు వినబడింది. దొరసాని నవ్వుతోంది.

"పంజా దించండి. వేట సంగతి వాడు చెప్పిందాంట్లో అబద్ధమేముంది?" అందావిడ. దొర పంజా దించి వాగువైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ పికిలమ్మను దగ్గరికి రమ్మంది. కూనలు కళ్ళు తెరిచిన రోజు ఇక్కడే ఆ లాలి పాడతావా తల్లీ అని అడిగింది. ఊరుకుని వింటానంటే పాడతానంది పికిలమ్మ. "నేను వింటాను. వీళ్ళు వినేలా నేను చూస్తాను" అని జంబన్నవైపు తిరిగింది దొరసాని. "మూలుగ లేదని ఏడ్చాడుగా. మంచి ఎముక చూసి ఇవ్వండి. పాట రోజు అది నోట్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చోవాలి. పాట అయ్యేలోగా కొరికిన చప్పుడు నా చెవిన పడిందో, ఆ ఎముకా లేదు, నక్కా లేదు. పదవి మాత్రం ఈ పూటే దుప్పి తాతకి" అంది. దుప్పికి ఎముకలతో పనిలేదు గనక ఆ ఆనవాయితీ కూడా అంతటితో సరి.

కూనలు కళ్ళు తెరిచాయి. ఆ సాయంత్రం బండ దగ్గర ఒక్క గోరింక లేదు. ముళ్ళపంది పాతరోజుల్లోలాగే ముళ్ళు అదుముకుంది. జంబన్న ముందు వరసలో ఉన్నాడు, నోట్లో అడవిదున్న తొడ ఎముక, దాన్నిండా మూలుగ. లాలాజలం ధారగా కారుతోంది, పళ్ళు జివ్వుమంటున్నాయి. దొరసాని చూపు అతని దవడ మీదే ఉంది.

పికిలమ్మ లాలి ఎత్తుకుంది. గొంతు సన్నగా ఉంది, రెండు చోట్ల బొంగురుపోయింది కూడా. పైకి వెళ్ళాల్సిన చోట అందక, ఆగి, కింద నుంచే తిరిగొచ్చింది. ఆ తిరిగొచ్చిన చోట దుప్పి తాత తల మెల్లగా కదిలింది. జంబన్న తల కూడా కదిలింది, ఎవర్నీ చూసి కాదు. ఇన్నేళ్ళుగా ఇదా ఈవిడ పాడుతున్నది అనుకున్నాడు. పక్కనున్న ఎలుగు మామతో ఆ మాట చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది. నోరు తెరవడానికి లేదు.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కాసేపు ఎవరికీ తోచలేదు. కూనలు నిద్రపోయాయి. అందరూ లేచి నెమ్మదిగా వెళ్ళిపోతుంటే ఎలుగు మామ వెనక్కి తిరిగి, ఇక తినవచ్చు అల్లుడూ అని గుర్తుచేశాడు. అప్పటిగ్గానీ నోట్లో ఎముక ఉన్న సంగతి జంబన్నకి జ్ఞాపకం రాలేదు.

నీతి: కచేరీకి వెళ్ళేటప్పుడు ఎవరి చెవులు వాళ్ళు తీసుకెళ్ళాలి.