బదులమ్మ పలికిన గని

దూరాన పుట్టి, దూరాన పెరుగుతూ, ఈ గుట్టను ఒక్కసారి కూడా చూడని పిల్లలారా, ఈ కథ మీ కోసం. ఇందులో విన్నది విన్నట్టే ఉంది. పెద్దలు రెండు రకాలుగా చెప్పిన చోట రెండూ ఉన్నాయి.

బదులమ్మ గుట్ట రాయలసీమ ఎర్రనేలల్లో ఉంది. బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. దారికి రెండు పక్కలా పైకప్పులు లేని గదులు వరుసగా కనిపిస్తాయి. అవి గని కూలీలు కాపురమున్న పాత లైన్లు. ఒక్క గుమ్మానికీ తలుపు ఉండదు. గనిలోంచి తీసి పోసిన తెల్లటి రాతిపొడి దిబ్బల మీద గడ్డి కూడా మొలవదు. గాలి లేని రోజున కూడా ఆ పొడి కొంచెం కొంచెంగా జారుతూ, ఎవరో నడిచి వెళుతున్నట్టు చప్పుడు చేస్తుంది. గుట్ట మీద గుడి చిన్నది. గర్భగుడిలో విగ్రహం లేదు. రాళ్ళతో మూసిన గని నోరు, దాని నడుమ అరచేయి పట్టేంత కన్నం ఉన్నాయి. పసుపు కుంకుమలు ఆ కన్నానికే పెడతారు. వచ్చేవారు పిల్లల చేయి వదలకూడదు. చుట్టుపక్కల మూత వేయని గుంతలు ఇంకా ఉన్నాయి.

పూర్వం ఇక్కడ బంగారు గని ఉండేది. ఏ సంవత్సరమో కచ్చితంగా చెప్పగలవారు లేరు. దొరల కాలమని మాత్రం అంటారు. ఆ గనిలో ఒక కట్టడి ఉండేది. నిచ్చెన మీద కాలు పెట్టే ప్రతివాడూ ముందు తన పేరు తానే లోపలికి కేక వేసి, దిగుతున్నానని చెప్పాలి. లోపల అంతా బాగుంటే కిందివారు "దిగు" అనేవారు. మందుగుండు పెట్టినా, గాలి పాడైనా "పైనే ఉండు" అనేవారు. పైకి ఎక్కేవారు "వస్తున్నాం" అని అరిచేవారు. బదులు రాని గనిలో ఎవరూ దిగేవారు కారు.

బంగారం అయిపోయింది. నెల తిరగకుండానే ఊరంతా ఖాళీ అయింది. జనం తలుపులు కూడా విప్పుకుని పోయారు. గని లోపల గూటిలో పెట్టి మొక్కిన పేరులేని అమ్మవారిని మాత్రం పైకి తేవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆరేళ్ళ తరువాత ఆ పాడుబడిన ఊళ్ళోకి నలుగురు బందిపోట్లు చేరారు. నాయకుడు ఉజ్జినప్ప. ఇద్దరు అతని తమ్ముళ్ళు. నాలుగోవాడు సుంకన్న. పదిహేనేళ్ళు ఈ గనిలోనే పనిచేసి, పని పోయాక ఆకలికి తాళలేక వాళ్ళలో కలిసినవాడు. దాక్కోవడానికి ఈ చోటు చూపించింది అతనే. ఉజ్జినప్ప తొడలో తుపాకీ గుండు దిగి ఉండడంతో, పక్క ఊరి మంత్రసాని తిప్పక్కను కళ్ళకు గంతలు కట్టి తెచ్చారు. నలభై రోజుల్లో ఆమె గాయం మాన్పింది.

అతను లేచి నడిచిన నాడే, మిట్టమధ్యాహ్నం, దిబ్బల అవతల పోలీసు గుర్రాల దుమ్ము లేచింది. గనిలో ఇరవై బారల లోతున పక్కకు పోయే సొరంగం ఉందని సుంకన్న ఎప్పుడో చెప్పి ఉన్నాడు. అందులో దాక్కోవాలని ఉజ్జినప్ప నిర్ణయించాడు. తిప్పక్క తమ ముఖాలు చూసింది కాబట్టి ఆమెను గనిలోకి తోసెయ్యమన్నాడు. తోయవలసిన చేతులు సుంకన్నవి.

"ఏమిరా సుంకా, నీ బొడ్డు కోసిన చేతులురా ఇవి," అంది తిప్పక్క. "వీటికే తాడు కడితివా? కట్టేది గట్టిగానన్నా కట్టు. మీ నాయన ఏసిన పందిరి మాదిరి ఊడిపోతాది."

"నన్ను మాట్లాడించొద్దవ్వా," అన్నాడు సుంకన్న.

గని నోటి దగ్గర నిలబడగానే అతని నోరు జారింది. పదిహేనేళ్ళు అక్కడ నిలబడి ఒకే మాట అరిచినవాడు. ముసలమ్మను తోయడానికి వచ్చి, అలవాటు కొద్దీ "సుంకన్న దిగుతాండాడు!" అని కేక వేశాడు.

ఆరేళ్ళుగా మనిషి దిగని ఆ గోతిలోంచి ఆడగొంతు బదులిచ్చింది. కేక కాదు. చెవి దగ్గర నిలబడి చెప్పినంత మెల్లగా పలికింది.

"పైనే ఉండు."

ఉజ్జినప్ప నవ్వాడు. "నీ గొంతే తిరిగొచ్చింది రా పిరికోడా. గుంతలో అరిస్తే గుంత అరుస్తాది."

"గుంత అరిస్తే నా మాటే అరవాల కదన్నా. పైనే ఉండమని నేనన్లేదే."

ఉజ్జినప్ప అతన్ని పక్కకు నెట్టి, లోపలికి వంగి తన పేరు అరిచాడు. అదే గొంతు, అంతే మెల్లగా, "దిగు" అంది.

"చూస్తివా? మనిషినెరిగి పలుకుతాది," అంటూ అతను నిచ్చెన మీదుగా లోపలికి దిగాడు. తమ్ముళ్ళు వెనకే దిగారు. "మేం సొరంగంలో చేరినాక ముసల్దాన్ని తోసి నువ్వూ దిగు," అన్న మాట చీకట్లోంచి వచ్చింది.

సుంకన్న తిప్పక్క భుజం మీద చెయ్యి వేశాడు. తోయకపోతే తన ప్రాణం పోతుంది. ఆమె కదలలేదు. "ఆగరా. నా పేరూ చెప్పనీ. గని రివాజు నాకు లేదా ఏంది?" అని తానే వంగి, "తిప్పక్క దిగుతాంది!" అంది.

"పైనే ఉండు."

సుంకన్న తాడు విప్పేశాడు.

లోపలినుంచి ఆ తరువాత అడుగుల చప్పుడు వినిపించలేదు. అతను ముగ్గురి పేర్లూ పిలిచాడు. "వస్తున్నాం," అన్నారు ముగ్గురూ. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచాడు. అదే మాట వచ్చింది. దగ్గరా కాలేదు, దూరమూ కాలేదు. పోలీసులు వచ్చి, వాళ్ళు పట్టుకుని ఎక్కుతారని తాడు లోపలికి వదిలి కూర్చున్న సుంకన్నను చూశారు. ఆ గొంతులు విన్నారు. భయపడి, గుర్రాలు దిగకుండానే వెనక్కి తిరిగారు. లోపల పాడుగాలి పేరుకుని ముగ్గురూ దిగీదిగగానే పోయారని కొందరు పెద్దలు చెబుతారు. కావచ్చు. కానీ మూడు రోజులు పిలిస్తే మూడు రోజులూ బదులు వచ్చిందని వాళ్ళూ ఒప్పుకుంటారు.

నాలుగోనాడు తెల్లవారేముందు సుంకన్నకు అమ్మవారు కలలో కనిపించింది. "నువ్వు పిలిచినంత కాలం వాళ్ళు వస్తూనే ఉంటారు. పిలవడం మాను. గని మూసి, నా మాట రావడానికి అరచేతంత సందు వదులు. ఇక్కడ ఎవరి పేరు వారే చెప్పాలి. ఒకరి పేరు ఒకరు పలకరాదు," అంది. సుంకన్న, తిప్పక్క కలిసి రాళ్ళు మోసి గని నోరు మూశారు. బదులిచ్చిన తల్లికి బదులమ్మ అని పేరు పెట్టిందీ తిప్పక్కే. సుంకన్న చచ్చేదాకా అక్కడే పూజారిగా ఉన్నాడు.

నేటికీ అమావాస్య నాడు మిట్టమధ్యాహ్నం మాత్రమే పూజ జరుగుతుంది. ఉడికించిన అలసందలు, బెల్లం నీళ్ళు నైవేద్యం. ఈ గుడిలో గోత్రనామాలు చదవరు. దూరం వెళ్ళేవారు, బావులు తవ్వేవారు, లారీలు నడిపేవారు కన్నం దగ్గర వంగి తమ పేరు తాము చెప్పి, పది ఊపిరులు తీసుకునేంత సేపు ఆగుతారు. ఏమీ వినిపించకపోతే అదే దీవెన. ఆ మనిషి పైనే ఉంటాడని నమ్మకం. "దిగు" అని విన్నవారు ఇంతవరకూ లేరా అని అడిగితే, విన్నవారు వచ్చి చెప్పలేదని పూజారి అంటాడు.

బిడ్డలు ఎంత దూరాన ఉన్నా, మనసు ఎంత కొట్టుకున్నా, కన్నవారు ఇక్కడ వారి పేర్లు పలకకూడదు. పెదవులు బిగించుకుని తమ పేరు మాత్రం చెప్పి తిరిగి వస్తారు. కాబట్టి పిల్లలారా, మీ వంతు మీరే వచ్చి చెప్పుకోవాలి. అంతవరకూ ఈ కథను మరిచిపోకుండా మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ, రేపు మీకు పుట్టేవారికీ చెప్పండి. చెప్పేటప్పుడు ఆ ముగ్గురినీ పేరు పెట్టి గట్టిగా పిలవకండి.