గంప నిండేదాకా వాయిదా

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్లు విస్తారంగా పెరిగిన ఒక కొండవాలు మీద, జంతువులన్నీ కలిసి ఒక కొట్టు పెట్టుకున్నాయి. కొట్టు అంటే ఒక రాతిగుహ. వేసవిలో ఇప్పపూలు రాలినప్పుడు, ఒళ్లు బాగున్న ప్రతి జంతువూ తన వంతు పూలు ఏరి, ఎండబెట్టి, ఆ గుహలో పోసేది. కాలో చెయ్యో చెడి తిండి సంపాదించుకోలేని జంతువుకు అందులో నుంచి రోజుకొక దోసెడు పూలు ఇవ్వాలన్నది కట్టుబాటు. అది భిక్ష కాదు, పిల్లలూ. బాగున్న రోజుల్లో అందరూ దాచుకున్నదే, బాగులేని రోజున ఒకరికి అందేది.

ఆ కొట్టుకు అధికారి బొక్కసయ్య అనే పందికొక్కు. అతడు నిజాయితీపరుడు. ఒక్క పువ్వయినా దొంగిలించి ఎరగడు. అయితే కొట్టులోని పువ్వు బయటికి పోతుంటే తన మీసం ఒకటి ఊడిపోతున్నట్టు బాధపడేవాడు.

ఆ వాలులోనే కాటుకమ్మ అనే కొండముచ్చు ఉండేది. గాలివానలో ఒక కొమ్మ విరిగి మీద పడడంతో ఆమె కుడిచెయ్యి నలిగిపోయింది. వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ విచ్చుకోలేదు. కొమ్మ పట్టుకోలేని కొండముచ్చుకు చిగురూ అందదు, కాయా అందదు. ఆమె ఒడిలో పాలు తాగే పిల్ల ఒకటి ఉంది. తల్లి తింటేనే ఆ పిల్లకు పాలు. అందుచేత కాటుకమ్మ పిల్లను పొట్టకు హత్తుకుని, మూడు కాళ్ల మీద నడుస్తూ కొట్టు దగ్గరికి వెళ్లి తన వాటా అడిగింది.

బొక్కసయ్య ఆమెను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత మీసం సవరించుకున్నాడు.

"నిన్న నీ తోక నేరేడు కొమ్మ మీది నుంచి వేలాడుతూ ఉండగా నేను స్వయంగా చూశాను. తోక చెట్టు మీద ఉంటే ఒళ్లూ చెట్టు మీదే ఉంటుంది. చెట్టెక్కేవారికి ఈ కొట్టులో వాటా లేదు," అన్నాడు.

తాను ఎక్కలేదనీ, చిరుత తిరుగుతోందని భయపడి తన అక్క తనను వీపున మోసి అక్కడ కూర్చోబెట్టిందనీ కాటుకమ్మ చెప్పింది. ఆ మాట అతని చెవికి ఎక్కలేదు. నేలబొరియలో పుట్టి నేలబొరియలో పెరిగినవాడికి చెట్టు మీద ఉండడమూ, చెట్టు ఎక్కడమూ ఒకటే.

బొక్కసయ్య కాదంటే అంతటితో అయిపోయినట్టు కాదు. వాగు ఒడ్డున ఏనుగు పెద్దమ్మ సభ తీర్చేది. అక్కడ అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు పడిన నాటి నుంచి ఆ జంతువు వాటాను ఏ రోజుకారోజు కొట్టు పక్కనున్న గోతిలో పోసి ఉంచాలి. తీర్పు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టరాదు. గెలిస్తే ఆ పోగు మొత్తం ఇస్తారు, ఆపైన రోజూ దోసెడు పూలు ఇస్తారు. ఓడితే పోగు తిరిగి కొట్టులోకి పోతుంది.

సభలో మాట్లాడడం అందరికీ చేతకాదు. అందుకోసం వకీళ్లు ఉన్నారు. వారి కూలికి కూడా ఒక కట్టుబాటు ఉంది. ముందుగా ఏమీ పుచ్చుకోకూడదు. ఓడితే ఏమీ రాదు. గెలిస్తే గోతిలోని పోగులో నాలుగో వంతు వస్తుంది, అదీ ఒక గంపకు మించకూడదు. ఆ తర్వాత రోజూ వచ్చే దోసెడులో ఒక్క పువ్వు కూడా అడగకూడదు. ఆ కూలిని పెద్దమ్మే సభలో కొలిపించి ఇచ్చేది. తిండికే దారిలేని జంతువు కూలి ఎక్కడి నుంచి తేగలదు? ఈ కట్టుబాటు లేకపోతే ఆకలిగొన్నవారి పక్షాన నోరు విప్పేవారే ఉండరు. పెద్దలు బాగానే ఆలోచించారు. అయితే పెద్దలు ఆలోచించనిది కూడా ఒకటి అందులో మిగిలిపోయింది.

వకీళ్లలో వాగీశం అనే నక్కకు మంచి పేరు. కాటుకమ్మ అతని దగ్గరికి వెళ్లి, తన చేతిలో ఏమీ లేదని ముందే చెప్పుకుంది.

"ఉన్నవాళ్లెవరూ నా గడప తొక్కరమ్మా," అన్నాడు వాగీశం. "నీ గెలుపే నా భోజనం. నిశ్చింతగా ఉండు."

అతడు ఆ పూటే పనిలోకి దిగాడు. నేరేడుచెట్టు దగ్గరికి వెళ్లి, దాని తొర్రలో కాపురమున్న వడ్రంగిపిట్టను విచారించాడు. అక్క మోయగా కాటుకమ్మ పైకి చేరడం తన కళ్లతో చూశానని పిట్ట చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ముగించాలో వాగీశం నిర్ణయించుకున్నాడు. సభకు ఇంకా రెండు రోజులు ఉండగానే వాదం సిద్ధమైంది. అంతవరకు అతనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

సభ రోజు ఉదయం వాగీశం దారిలో ఆగి గోతిలోకి తొంగిచూశాడు. పోగు చిన్నది. అందులో నాలుగో వంతు అంటే రెండు పుక్కిళ్లకు కూడా చాలదు. ఇంత చక్కని వాదానికి ఇంత కొద్ది కూలి ఏమిటనిపించింది. పోగు రోజురోజుకూ పెరుగుతుంది కదా. తన వంతు గంప నిండేదాకా ఆగితే నష్టమేమిటని కూడా అనిపించింది.

సభలో అతడు లేచి, సాక్షి రాలేదని విన్నవించి వాయిదా అడిగాడు. సాక్షి ఎందుకు వస్తుంది? సభ మరునాడని ఆ ఉదయమే వడ్రంగిపిట్టకు కబురు పంపింది అతడే. పెద్దమ్మ వాయిదా ఇచ్చింది.

రెండో సభకు వాగీశం మెడకు ఆకులు చుట్టుకుని వచ్చి, గొంతు పూడిపోయిందని సైగలతో చెప్పాడు. మళ్లీ వాయిదా పడింది. బొక్కసయ్యకు ఈ పద్ధతి మహా ఇష్టంగా ఉంది. ఎన్ని వాయిదాలు పడితే అన్నాళ్లు కొట్టు నుంచి పువ్వు బయటికి పోదు. ఆ రోజు అతడు ప్రత్యర్థి వకీలు ఆరోగ్యం గురించి ఎంతో ఆప్యాయంగా వాకబు చేశాడు.

ఈలోగా తొలకరి వచ్చింది. గోతి మీద వాన కురిసింది. కాటుకమ్మ రాలిన కాయలు ఏరుకుంటూ, అక్క తెచ్చిన చిగుళ్లు నములుతూ కాలం గడిపింది. అక్కకూ పిల్లలున్నారు. ఆమె మాత్రం ఎంత తేగలదు? కాటుకమ్మకు పాలు తగ్గాయి. ఆమె వాగీశం దగ్గరికి వెళ్లి, ఇంకెన్నాళ్లని అడిగింది.

"తొందరపడకమ్మా. ఆలస్యమైన కొద్దీ పోగు పెరుగుతుంది. అది నీకే లాభం," అన్నాడు అతడు. గొంతు అప్పటికి బాగానే ఉంది.

"వకీలుగారూ, పోగు గోతిలో పెరుగుతోంది. పిల్ల నా ఒళ్లో తరుగుతోంది," అంది కాటుకమ్మ.

వాగీశం ఆ మాట విన్నాడు. పిల్లనూ చూశాడు. అది ఏడవడం లేదు. ఏడవడానికి కావలసిన సత్తువ దానికి లేదు. అప్పుడైనా అతడు మనసు మార్చుకోవలసింది. కానీ గంప మరి నాలుగు వేళ్ల వెలితిగా ఉందని అతని లెక్క చెబుతోంది. అతడు లెక్క మాటే విన్నాడు.

మూడో సభలో వాగీశం లేవబోతుండగా బొక్కసయ్య తుమ్మాడు. తుమ్ము అపశకునమనీ, మంచి ఘడియ చూసి మరొకసారి వాదిస్తాననీ వాగీశం అన్నాడు. బొక్కసయ్య సంతోషంగా మరొకసారి తుమ్మబోయాడు.

అప్పుడు కాటుకమ్మ తానే ముందుకు వచ్చి, పిల్లను పెద్దమ్మ తొండం ఎదుట పడుకోబెట్టింది.

"పెద్దమ్మా, మా వకీలుగారికి మంచి ఘడియ ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. నా పిల్లకు మాత్రం ఇదే ఆఖరి ఘడియలా ఉంది. నాకు పోగు వద్దు. ఈ పూట ఒక్క దోసెడు ఇప్పించండి," అంది.

పెద్దమ్మ తొండంతో పిల్లను తడిమి చూసింది. కొట్టు నుంచి వెంటనే దోసెడు పూలు తెప్పించి, ముందు తల్లిని తినమంది. తర్వాత వడ్రంగిపిట్టను పిలిపించి విచారించింది. వాగీశం తన దగ్గరికి ఎప్పుడు వచ్చాడో, ఏమేమి అడిగాడో, సభ ఏ రోజని కబురు పంపాడో పిట్ట ఉన్నదున్నట్టు చెప్పింది.

"అయితే మొదటి సభనాటికే నీ వాదం సిద్ధంగా ఉందన్నమాట," అంది పెద్దమ్మ.

వాగీశం నేల చూశాడు. ఉందని ఒప్పుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు. గొంతు ఎలా ఉన్నా సరే."

వాగీశం చెప్పాడు. నిజం చెప్పాలంటే చాలా బాగా చెప్పాడు. "బొక్కసయ్యగారు తోకను చూశారు, చేతిని చూడలేదు. పల్లకిలో కూర్చున్నవారు నడవగలరని ఎవరైనా అంటారా? పైకి మోసింది అక్క వీపు. కిందికి దింపిందీ అదే," అన్నాడు. కాటుకమ్మ ముడుచుకుపోయిన చేతిని ఎత్తి చూపింది. చెట్లవైపు ఎన్నిసార్లు చూశావని పెద్దమ్మ బొక్కసయ్యను అడిగింది. పుట్టిన తర్వాత తాను తల ఎత్తింది ఆ ఒక్కసారేనని అతడు నిజాయితీగా ఒప్పుకున్నాడు. అందరూ నవ్వారు. ఒక చిన్న జల్లు కురిసి వెలిసేంతలో వాదం ముగిసింది, కాటుకమ్మ గెలిచింది.

వాగీశం తన గంపను మెల్లగా ముందుకు జరిపాడు.

"నీ కూలి నీకు ఇవ్వవలసిందే," అంది పెద్దమ్మ. "నువ్వు లేకపోతే ఆమెకు ఈ సభలో మాట ఉండేది కాదు. అయితే మొదటి సభనాటికి ఉన్న పోగులోనే నీకు నాలుగో వంతు. ఆ తర్వాత పెరిగింది ఆమె ఆకలి. దానికి నీకు కూలి ఎందుకు?"

మొదటినాటి పూలు పోగుకు అట్టడుగున ఉన్నాయి. పైపూలు తీసి కాటుకమ్మకు ఇచ్చాక, అడుగుపూలను తవ్వి వాగీశానికి కొలిచి పోశారు. వాననీరంతా గోతిలో అడుక్కు దిగింది కదా. ఆ పూలు నాని, పులిసి, నురుగు కడుతున్నాయి. గంప అడుగు కూడా నిండలేదు. మొదటి రోజునే వాదించి ఉంటే అవి ఎండుద్రాక్షలా ఉండేవి. అయినా పొద్దుటి నుంచి తిండి లేనివాడు కావడంతో వాగీశం దారిలోనే వాటిని తినేశాడు. పులిసిన ఇప్పపువ్వు ఏం చేస్తుందో అడవిలో అందరికీ తెలుసు. కొంతసేపటికి అతడు ఒక చీమలపుట్ట ఎదుట నిలబడి, దాన్ని పెద్దమ్మగారూ అని సంబోధిస్తూ, కాళ్లు తన వశంలో లేవు గనుక వాయిదా ఇప్పించమని ఎంతో వినయంగా వేడుకుంటున్నాడు. పుట్ట ఏమీ సెలవివ్వలేదు. చీమలు మాత్రం జవాబిచ్చాయి.

రోజూ దోసెడు పూలు అందడంతో కాటుకమ్మకు మళ్లీ పాలు పడ్డాయి, పిల్ల కోలుకుంది. వకీలు అడిగిన వాయిదాలకు కూలి లేదన్నది ఆనాటి నుంచి కట్టుబాటులో చేరింది. ఆ తర్వాత ఒక కుంటి కుందేలు అప్పీలుకు వాగీశమే వకీలు. పెద్దమ్మ ఇంకా కూర్చోనైనా కూర్చోకముందే అతడు సగం వాదం ముగించాడట.

నీతి: కష్టంలో ఉన్నవారి పక్షాన నిలబడి కూలి పుచ్చుకోవడం న్యాయమే. ఆ కూలి పెరగడానికి వారి కష్టాన్ని పొడిగించడం మాత్రం అన్యాయం.