జడ మొలిచిన రాయి

అనగనగా గోదారి ఒడ్డున ఒక ఊళ్ళో తాయారు అని ఓ పిల్ల ఉండేది. ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఒండ్రుమట్టే. రాయి అన్నది మచ్చుకైనా దొరకదు.

తాయారు అక్క సుభద్రను కొండ మీది ఊరికిచ్చి చేశారు. ఆ అక్కకు రెండో కానుపయింది. చంటివాణ్ణి చూడాలని తాయారు పొద్దున్నే కొండెక్కసాగింది. అంతకుముందు ఎన్నడూ కొండ మొహం చూసింది కాదు పాపం. "పైన మా ఇంటి ఎర్ర పెంకులు కనపడతాయి, వాటినే చూసుకుంటూ వచ్చెయ్" అని అక్క కబురు పెట్టింది.

కొంత దూరం ఎక్కాక దారి రెండుగా చీలింది. కుడి దారి మొదట్లో ఎవరో రాళ్ళు కుప్ప పోశారు. 'అయ్యో, ఎవరి కాలికన్నా తగిలితేనో!' అనుకుని తాయారు వాటన్నిటినీ లోయలోకి దొర్లించేసింది. మంచి పిల్లేలే, తొందర జాస్తి.

ఆ తర్వాత ఇంకో చీలిక, ఇంకో కుప్ప. ఆ రాళ్ళు పక్కకు విసిరేసింది. ఆ తర్వాత మూడోది. అది బొటనవేలికి తగిలి గోరు చిట్లింది. దాన్ని తిట్టి మరీ చెదరగొట్టింది.

ఇల్లు చేరి, చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని, "దారిలో రాళ్ళన్నీ తీసేసి వచ్చానక్కా" అంది గొప్పగా.

అక్క మొహం పాలిపోయింది. "ఎంత పని చేశావే! మా అత్తగారు సంతకెళ్ళారు. ఆవిడకు చూపు ఆనదు. ఆ కుప్పలు తడుముకుంటూనే దారి పోల్చుకుంటారు. అవి లేకపోతే ఏ లోయలో పడతారో!"

తాయారు చంటివాణ్ణి అక్క చేతికిచ్చేసింది. అన్నమైనా తినకుండా దిగింది. మూడో కుప్ప రాళ్ళు ఏరి పేర్చింది. ఆ తర్వాత రెండోది పేర్చింది. అప్పటికే పొద్దు వాలుతోంది. మొదటి చీలిక దగ్గరకొచ్చి చూస్తే ఏముంది? చుట్టూ నున్నటి బండ. ఒక్క రాయి లేదు, అన్నీ లోయలోనే ఉన్నాయి.

అప్పుడు కింద నుంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. పిలుద్దామంటే చేసిన పనికి సిగ్గేసింది. మరేం చేసిందీ? కుప్ప ఉన్న చోటే మోకాళ్ళు ముడుచుకుని, తల వంచి కూర్చుంది!

ముసలావిడ వచ్చింది. ఆ కొండవాళ్ళకు ఓ అలవాటుంది. అటు వెళ్ళే ప్రతివాళ్ళూ కుప్ప మీద ఓ రాయి పెట్టి పోతారు. ఆవిడ కింద నుంచి తెచ్చిన రాయి తాయారు నెత్తిన పెట్టి, చేత్తో తడిమింది.

"ఓసినీ! ఈ రాయికి జడ మొలిచిందేమిటి!"

తాయారు భోరున ఏడ్చి అంతా చెప్పేసింది. ముసలావిడ కోప్పడలేదు. ఆ రాయి తీసి దారి మొదట్లో పెట్టి, "ఇక దీంతో మళ్ళీ మొదలెడదాంలే. ఇవాళ్టికి నా కుప్పవి నువ్వే, పదమ్మాయ్" అని చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత తాయారు ఎప్పుడు కొండెక్కినా ఊరి నుంచి ఓ ఇటుక ముక్క మోసుకెళ్ళి ఆ మొదటి కుప్ప మీద పెట్టేది. రాళ్ళు లేని ఊరాయె, ఇంకేం తెస్తుంది! ముసలావిడ సంత నుంచి వస్తూ ఆ కుప్ప తడిమి, అన్నిటికన్నా పైన ఇటుక చేతికి తగిలితే చాలు, "మా తాయారొచ్చింది" అని గబగబా ఇంటికి నడిచేది.

కొండ దిగి కథ కంచికి, కొంగు వదిలి నువ్వు మంచానికి.